తెగకూడని బేరం

మేఘదుర్గానికీ శంఖతీరానికీ నడుమ ఒక కనుమ ఉంది. రెండు కొండలు తలలు దగ్గర పెట్టుకొని గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది అక్కడ. వసంతం రాగానే ఆ కనుమ నిండా సంత విరబూస్తుంది. ఒక వైపు సముద్రం కన్న బిడ్డలు: ముత్యాలు, శంఖాలు, పగడాలు, ముక్కు మూసుకొని దాటవలసిన ఎండుచేపల బుట్టలు. ఇంకో వైపు కొండ కన్న బిడ్డలు: తేనె తిత్తులు, కస్తూరి, నెమలీకల కట్టలు, గంధపు చెక్కలు. సాంబ్రాణి పొగ మీద ఎండ పడితే ఆకాశానికి ఎవరో జరీ అంచు కుట్టినట్టు ఉండేది.

ఒక రాజు నాణెం ఇంకో రాజు నేల మీద చెల్లదు గనుక ఆ సంతలో నాణేనికి పని లేదు. వస్తువుకు వస్తువే బదులు. సంత నట్టనడుమ ఏనుగు వీపులా నున్నగా అరిగిన నల్లరాయి ఒకటుంది. దాని పేరు బేరపుబండ. దాని మీద ఎదురెదురుగా కూర్చొని మొదలుపెట్టిన బేరం తెగేదాకా నడుమ ఎవరూ నోరు పెట్టరాదు, రాజైనా సరే. బేరం మధ్యలో లేచిపోయిన మనిషి మాట ఆ తరువాత రెండు రాజ్యాల్లోనూ చెల్లదు. యుద్ధాలు జరిగిన రోజుల్లో కూడా ఎవరూ దాటని కట్టుబాటు అది.

ఆ ఉదయం లక్కగాజులు గుచ్చిన తాడు, మలారం, భుజం మీంచి దించి ఆ బండ మీద కూర్చున్నాడు కొమ్మన. శంఖతీరంలో గాజుల వర్తకుడు. నవ్వు కూడా తూచి నవ్వుతాడని తోటి వర్తకులు అంటారు. ఎదుటివాడి కళ్లు చూసి వాడి సంచిలో ఏముందో చెప్పగలడు. ఏడాదికోసారి ఈ బండ దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం ఆ తెలివినంతా ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించి వచ్చేవాడు.

ఎందుకంటే ఎదురుగా వచ్చి కూర్చునేది మేఘదుర్గపు రాకుమారి హేమాంగి. ఆమె అతని తోడబుట్టిన చెల్లెలు.

వాళ్ల చిన్ననాడు ఏరు పొంగి ఇల్లూ వాకిలీ, అమ్మా నాన్నా అన్నీ కొట్టుకుపోయాయి. ఒకే దూలాన్ని కావలించుకొని పిల్లలిద్దరూ ఈ కనుమలో తేలారు. పిల్లలు లేని మహారాణి వైజయంతి చిన్నదాన్ని చూసి చేతులు చాపింది. పిల్లలు లేని గాజుల పెద్దిసెట్టి భార్య అక్కమ్మ పెద్దవాణ్ణి చూసి కొంగు పరిచింది. అయితే మేఘదుర్గపు శాసనం కొరకరాని కొయ్య. సింహాసనానికి దత్తత వెళ్లిన బిడ్డకు పాత చుట్టరికం ఏదీ మిగలరాదు. అన్నను అన్నా అని పిలిచిన రోజున దత్తత చెల్లదు.

మంత్రి ఆ మాట చదివి వినిపించినా పిల్లలిద్దరూ ఒకరి వేళ్లు ఒకరు వదలలేదు. అప్పుడు పెద్దిసెట్టి మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"మంత్రిగారూ, నాకు చదువు తక్కువ. ఆ శాసనంలో బేరం ఆడకూడదని ఏమన్నా ఉందాండీ?"

"బేరమా? లేదు."

"ఐతే మావాడు గాజులు అమ్ముతాడు. రాకుమారి గాజులు కొంటారు. బండ మీద బేరం తెగేదాకా ఎవరూ అడ్డుపడరు గదా!"

మంత్రి ఏదో అనబోయాడు. మహారాణి చెయ్యెత్తి ఆపి, పెద్దిసెట్టి వంక చూసి నవ్వింది. "నా బిడ్డకు నిదానం ఎక్కువ సెట్టీ. ఒక్క జత గాజులు కొనడానికి పొద్దంతా పట్టినా పట్టొచ్చు."

ఆ నవ్వే ఆ పిల్లలకు ఆస్తి అయింది. అప్పటి నుంచి ఏ వసంతమూ అది తరగలేదు. కొమ్మన నోటికొచ్చిన ధర చెప్పేవాడు, ఆమె ముక్కు విరిచేది. "మీ కొండ మీద చలి ముదిరినట్టుంది, రాకుమారి ముక్కు ఎర్రగా ఉంది, గాజులకు ధర పెంచాలి" అనేవాడు. జ్వరం వచ్చి తగ్గిందా అని దాని అర్థం. "ఈ సెట్టి బక్కచిక్కాడు, సరుకూ అలాగే ఉంటుంది" అనేది. వేళకు తింటున్నావా అని అర్థం. పందిరి కింద వాళ్లకు వీపు తిప్పి కూర్చున్న మహారాణి, ఎండ ఏ పక్కకు తిరిగితే ఆ పక్కకు పందిరి జరిపించేది. మధ్యాహ్నానికి, "బేరమాడే గొంతులు ఎండిపోతాయి" అని తన గిన్నెలోంచి ఇద్దరికీ పులిహోర పెట్టించేది. సంతలో జనం మాత్రం, ఇంత పిసినారి రాకుమారి ఏడేడు లోకాల్లో లేదని చెవులు కొరుక్కునేవాళ్లు.

పెద్దిసెట్టి పోయాడు. అతను కుదిర్చిన బేరం మాత్రం అలాగే నిలిచింది.

ఇవాళ పల్లకి దిగిన రాకుమారి నెమలికంఠం రంగు పట్టు కట్టింది. నడుస్తుంటే మువ్వలు మంత్రాలు చదువుతున్నట్టుంది. గోధూళి వేళకు ఆమెకు యువరాణి పట్టం కట్టబోతున్నారు. ముహూర్తం పెట్టిన సిద్ధుడొకడు, పొగ రంగు జడలవాడు, పల్లకి పక్కన నిలబడ్డాడు.

"గాజులు చూపించు, వర్తకుడా."

కొమ్మన మురిపెంగా సర్దుకు కూర్చున్నాడు. "చిత్తం. ఎర్రలక్క గాజులు, అద్దపు తళుకులు పొదిగినవి. జతకు మీ పట్టపుటేనుగును ఇప్పించండి, చాలు."

సంత గొల్లుమంది. నిరుడు కోట ఉత్తరపు బురుజు అడిగాడు. ఆమె బురుజులోంచి ఒక ఇటుక ఇస్తానంది, అదీ విరిగిన ఇటుక. ఆ ఇటుక దగ్గర మొదలైన వాదం పొద్దు వాలేదాకా సాగింది.

"ఇచ్చెయ్యి," అంది రాకుమారి మావటివాడి వైపు తిరిగి.

కొమ్మనకు తను విన్నది అర్థం కాలేదు. ఏనుగు నడిచి వచ్చి అతని పక్కన నిలబడింది. జనం ఒక్కసారిగా జేజేలు కొట్టారు. ఎంత దయ, ఎంత ధర్మగుణం, పట్టం కట్టకముందే ఇంత దానమా అని ఆడవాళ్లు మెటికలు విరిచారు. పందిరి కింద మహారాణి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

కొమ్మన గాజులు తొడగడానికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొయ్యి మీంచి దించిన పెనం అంచులా ఉంది. అతని కళ్ల ముందే లక్క మెత్తబడింది, తళుకులు పక్కకు జారాయి. ఆమె చటుక్కున చెయ్యి లాక్కొని పల్లకి వైపు నడిచింది.

అక్కమ్మ గాజుల బుట్టల మధ్య నుంచి పరుగున వచ్చింది. "ఒరే కొమ్మనా, ఏనుగొచ్చిందిరా! మీ నాన్న బతికుంటే ఇవాళ..."

"అమ్మా, ఏనుగు వచ్చింది. చెల్లెలు పోయింది."

"ఏమిట్రా ఆ మాట?"

"అడిగిందల్లా ఇచ్చింది. ఒక్క మాట తగ్గించలేదు. అది మన చుక్క కాదు." ఏటి ఒడ్డు ఇంట్లో అమ్మానాన్నలు చెల్లెలికి పెట్టిన పేరు అది. ఆ పేరు అతని నోట వచ్చి చాలా కాలమైంది. "చెయ్యి నిప్పులా ఉంది. లక్క కరిగింది."

అక్కమ్మ మొహంలో రక్తం ఇంకిపోయింది. గాజుల మూటతో ఆమె తిరగని ఊరు లేదు. "బొగ్గుబొమ్మ," అంది గొంతు తగ్గించి. "బూడిదకొండ మీద ధూమ్రకేశుడనే మాంత్రికుడున్నాడు. కొలిమి బొగ్గుకు మనిషి రూపం పోస్తాడు. అసలు మనిషిని పిట్టను చేసి పంజరంలో పెడతాడు. బొమ్మా మనిషీ ఎదురెదురు పడితే బొమ్మ బూడిదవుతుంది. కానీ బొమ్మకు పట్టం కట్టేశారో, పిట్ట పిట్టగానే ఉండిపోతుంది." ఆమె కళ్లు పల్లకి పక్కనున్న పొగ జడల మీద పడి, వెంటనే నేలకు వాలాయి. "వాడే రా ఆ సిద్ధుడు. మహారాణికి ఇక్కడ చెప్పామా, చెప్పిన నోరు మిగలదు."

"కొండకు వెళ్లి రావడానికి పొద్దు చాలదమ్మా."

"పొద్దును నేను పట్టుకుంటాను, నువ్వు గుర్రాన్ని పట్టుకో." అక్కమ్మ కొంగు నడుముకు దోపింది. "ఒరే, తన బిడ్డ పక్కన నిన్ను ఏటా కూర్చోనిచ్చిన తల్లి ఆమె. మనం చేసిన గాజులు ఆమె చేతికి ఎన్ని వేసినా ఆ బాకీ తీరదు. ఇవాళ ఆమె బిడ్డను ఆమెకు తెచ్చివ్వు. పో!"

ఆమె ఏనుగు తొండం పట్టుకొని సరాసరి బేరపుబండ ఎక్కి కూర్చుంది.

"రాకుమారీ! ఈ ఏనుగు మాకొద్దు తల్లీ. దీనికి ఎడమ చెవి చిన్నది. మార్చి ఇంకోటి ఇప్పించండి. బేరం ఇంకా తెగలేదు."

పల్లకిలో కాలు పెట్టబోయిన బొమ్మ ఆగింది. జనమంతా చూస్తున్నారు. బేరం మధ్యలో వెళ్లిపోయిన దాని మాట చెల్లదు, మాట చెల్లనిదానికి పట్టమూ లేదు. పళ్లు కొరుకుతూ వచ్చి కూర్చుంది. "ఏం కావాలో అడుగు. ఇస్తాను."

"అదే తెలియక ఛస్తున్నానమ్మా! ముందు మీ దగ్గర ఏమేం ఉన్నాయో చూపించండి. పట్టుచీరలున్నాయా? అన్ని రంగులూ తెప్పించండి. ఆఁ, కట్టలు విప్పి చూపించాలి. మడత మీద చూస్తే నాకు ఆనదు."

పొగ జడల సిద్ధుడి కనుబొమలు ముడిపడ్డాయి. కట్టుబాటు అతని నోటికీ తాళం వేసింది. మహారాణి లేచి నిలబడింది. ఏటా లాగే తెచ్చినా ఎవరూ ముట్టుకోని పులిహోర గిన్నె వంక చూసింది, కూతురి వంక చూసింది, గుర్రానికి జీను బిగిస్తున్న కొమ్మన వంక చూసింది. ఆ గిన్నెను మూతతో సహా అతని దగ్గరికి పంపించి, మళ్లీ విసనకర్ర అందుకుంది.

"నిదానంగా చూసుకో, అక్కమ్మా," అంది. "ఎండ తిరిగితే పందిరి జరిపిస్తాను."

కొమ్మన కొండగుర్రం కనుమ దాటింది, ముళ్లపొదలు దాటింది, పచ్చదనమంతా వెనకబడి నేల మాడిన రొట్టెలా అయ్యేదాకా ఆగలేదు. అక్కడ బూడిద ఏరు అడ్డం వచ్చింది. నీళ్లలాగే పారుతోంది, నీళ్లలాగే సుడి తిరుగుతోంది. ఈదడానికి తడి లేదు, నడవడానికి గట్టిదనం లేదు. గుర్రం ముందుకాళ్లు తన్నిపెట్టి కదలనంది. కొమ్మన గుర్రానికి కట్టిన గాజుల బుట్టల వెడల్పాటి వెదురు మూతలు విప్పి పాదాలకు కట్టుకున్నాడు. మలారం మెడకు, గిన్నె నడుముకు బిగించి, బాతులా అడుగులేస్తూ బూడిద మీద నడిచాడు. నడి ఏట్లో లోపలి నుంచి ఎండుకట్టెలాంటి చెయ్యి లేచి ఎడమ మూతను పట్టుకుంది. అతను లాగి పెనుగులాడలేదు. పోయే సరుకు కోసం ప్రాణం పెట్టకూడదని పెద్దిసెట్టి చెప్పేవాడు. ముడి తెంపి ఆ మూతను వదిలేసి, ఒంటికాలి మీద గెంతుతూ ఒడ్డున పడ్డాడు. వెనక ఆ చెయ్యి వెదురును నమిలే చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఒడ్డు మీద మాడిన మోడుల అడవి. నడుమ సన్నని బాట. రెండు పక్కలా కుతకుత ఉడికే బురద. బాట సగం దాటాడో లేదో, కుడి పక్క నుంచి ఒక గొంతు.

"అన్నా! అన్నా, ఇటు! మునిగిపోతున్నాను!"

వరద రోజున దూలం మీద ఏడ్చిన గొంతే. కొమ్మన కాలు తనకు తెలియకుండానే బాట దిగబోయింది. ఆ పిలుపు కోసం అతను ఎంత మొహం వాచి ఉన్నాడో ఆ మోడులకు ఎలా తెలిసిందో! మళ్లీ "అన్నా!" అంది అడవి, ఈసారి అన్ని వైపుల నుంచీ. ఎత్తిన కాలు అలాగే ఆగింది.

"నా చెల్లెలు నన్ను అన్నా అనదు," అన్నాడు కొమ్మన బిగ్గరగా, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు. "అనకుండా ఉండటానికి అదెంత ఖర్చు పెట్టిందో నాకు తెలుసు."

కళ్లు తుడుచుకొని, కాలు బాట మీద పెట్టి పరిగెత్తాడు.

బూడిదకొండ గుహ ముందు అతను ఒళ్లంతా బూడిద పూసుకున్నాడు. తలగుడ్డ అడ్డంగా చుట్టి, గొంతు గరగరలాడించి లోపల అడుగుపెట్టాడు. గోడల పొడుగునా ఇనుప పంజరాలు, ప్రతి పంజరంలో ఒక గోరువంక. మూల కొలిమి ఎర్రగా ఊపిరి తీస్తోంది. దాని ముందు ఒక రక్కసి కూర్చొని పిట్టలకు నూకలు చెరుగుతోంది. తాటిబోదెల్లాంటి చేతులు, జడలో ఎండిన తీగలు, మూతి మీద నిమ్మకాయంత పులిపిరి.

"ఎవడ్రా అది? మనిషి వాసనేస్తోంది!"

"పాతాళం నుంచి టోకు వర్తకుణ్ణి తల్లీ. మనుషుల్ని కొంటూ అమ్ముతూ తిరిగేవాణ్ణి. వాసన అంటకుండా ఉంటుందా?"

రక్కసి చాట పక్కన పెట్టి వంగి చూసింది. "ఇక్కడ అమ్మకాల్లేవు. నా పేరు గుండక్క. కాపలా నా పని, నమలడం నా సరదా. ఆ మెడలో ఏమిటది?"

"గాజులు."

"గాజులా!" ఆమె గొంతు ఒక్కసారి చిన్నబోయింది. తన చెయ్యి తనే చూసుకుంది. "నా చిటికెన వేలికి కూడా రావులే. పో, మింగేలోపు పో."

కొమ్మన కళ్లు ఆమె మణికట్టు చుట్టూ తిరిగి వచ్చాయి. కొలతకు అతనికి తాడు అక్కర్లేదు. మలారంలో ఉన్న గాజులన్నీ కొలిమి ముందు పోశాడు. లక్క మెత్తబడ్డ కొద్దీ ఒకదాన్ని విప్పి ఇంకోదానికి అతికించాడు, ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన ఆకుపచ్చ. వేళ్లు కాలి బొబ్బలెక్కాయి. చివరికి బండి చక్రమంత గాజు తయారైంది. నడుముకున్న గిన్నె విప్పి, "అంచు చల్లారేదాకా ఇది తిను" అని పులిహోర ఆమె ముందు పెట్టాడు. తరువాత గాజు పైకెత్తి ఆమె చేతికి తొడిగాడు.

గుండక్క చెయ్యి ఆడించింది. తళుకులు గుహ కప్పు మీద చుక్కలు చల్లాయి. ఆమె పెద్ద కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా అక్క తరువాత నా చేతికి గాజు తొడిగినవాడివి నువ్వే. మా అమ్మ పోయాక ధూమ్రకేశుడు మమ్మల్ని తెచ్చాడు. నన్ను ఉంచుకొని, అక్కను ఉప్పుదీవి మాంత్రికుడికి పెంపకానికి ఇచ్చేశాడు. ఒక్కసారి చూసొస్తానంటే, 'తిండి పెట్టడం లేదూ? పాత చుట్టరికం ఎందుకే నీకు?' అంటాడు. దాని మొహం కూడా మరిచిపోతున్నాను సెట్టీ."

కొమ్మన బొబ్బలెక్కిన తన వేళ్ల వంక చూసుకున్నాడు. తలుపు బిగించి పెంచేవాళ్లూ ఉన్నారు, ఓరగా వేసి పెంచేవాళ్లూ ఉన్నారు. తన తలుపు ఓరగా ఉండటానికి ఒక సెట్టి తెలివి ఖర్చు పెట్టాడు, ఒక మహారాణి ఏటా ఎండలో కూర్చుంది. అదే దక్కకపోతే తనూ ఈ కొలిమి ముందు ఇలాగే కూర్చొని, ఒక మొహం గుర్తు తెచ్చుకుంటూ ఉండేవాడు. ఎదుటివాళ్లు తమ అసలు సరుకు తీసి ముందు పెట్టాక తన సరుకు దాచడం వర్తకధర్మం కాదు. తలగుడ్డ తీసేశాడు.

"గుండక్కా, నేను పాతాళంవాణ్ణి కాదు. నా చెల్లెలి కోసం వచ్చాను."

"తెలుసులే. పాతాళంలో ఇంత కమ్మటి పులిహోర ఎక్కడిది?" ఆమె వేలు నాక్కుంది. "మరి నాకేమిస్తావు?"

"ఉప్పుదీవికి దారి వెతికి మీ అక్క ముందు నిన్ను నిలబెడతాను. ఏడాదికోసారి కలుసుకునే కట్టుబాటు కూడా కుదిర్చి పెడతాను. అది మా ఇంటి విద్య."

తుండుగుడ్డ కింద చెయ్యి కలిపితే సంతలో బేరం కుదిరినట్టు. కొమ్మన తుండు పరిచాడు. గుండక్క తన చెయ్యి పట్టక, చిటికెన వేలు మాత్రం దాని కింద పెట్టింది. అతను రెండు చేతులతో ఆ వేలు పట్టుకున్నాడు.

"మరి నీ చెల్లెలు ఏదో నాకు తెలియదు. అన్నీ ఒకలాగే ఉంటాయి."

కొమ్మన పంజరాల వైపు తిరిగాడు. "రాకుమారి హేమాంగి ఎవరు?"

గుహ మారుమోగింది. "నేనే! నేనే హేమాంగిని! నన్ను విడిపించు!" ప్రతి గోరువంకా ఊచలకు రెక్కలు కొట్టుకుంటోంది. తప్పు పట్టడానికి లేదు. పంజరంలో ఉన్నవాళ్లు ఏ పేరు చెప్పి అయినా బయటపడాలనుకుంటారు.

అతను నేల మీద మిగిలిన ఒకే ఒక్క లక్కగాజు తీశాడు. అతుకు సరిగా కుదరక పక్కన పెట్టిన వంకర గాజు. దాన్ని ఎత్తి చూపాడు.

"ఈ గాజుకు ఏమిస్తారు?"

"నా రాజ్యమిస్తా!" "నా వజ్రాలిస్తా!" "నా ప్రాణమిస్తా!"

గోల అణిగాక, కొలిమి మూల చీకటి పంజరంలోంచి ఒక గొంతు నీరసంగా వచ్చింది.

"ఆ వంకర గాజుకా? ఊరికే ఇచ్చినా తీసుకోను. ఎదురిచ్చి తీసుకోమంటే అప్పుడు ఆలోచిస్తాను."

కొమ్మన నవ్వాడు. ఈసారి తూచలేదు.

పంజరం తలుపు ఊడదీసి చెయ్యి చాపాడు. గోరువంక వచ్చి వేలి మీద కూర్చుంది. ఒళ్లంతా వణుకుతోంది, నోరు మాత్రం ఆగలేదు. "మా అమ్మ పులిహోర వాసన వేస్తోంది. అంతా ఆ రక్కసికే పెట్టావా సెట్టీ? నా వాటా ఏది?"

"గిన్నె అంచున నాలుగు మెతుకులున్నాయి."

"నాలుగా! నువ్వేం వర్తకుడివి!" ఆమె వంగి ఆత్రంగా ముక్కుతో పొడుచుకు తింది. అంతలోనే తలెత్తింది. "అమ్మ ఎలా ఉంది? తోటలో తేనె తీయడానికి వెళితే పొగ కమ్మింది, ఆ తరువాత నాకేమీ తెలియదు. నన్ను వెతుకుతోందా?"

"నీ చోట కూర్చున్నది బొగ్గుబొమ్మ అని ఎవరూ చెప్పకపోయినా, ఈ గిన్నె నా చేతికి పంపింది. మా అమ్మ ఏనుగును తిరగ్గొడుతూ పొద్దును ఆపి పట్టుకుంది. వాళ్లిద్దరి చేతుల్లో ఉన్నాం మనం, ఎప్పట్లాగే."

పిట్ట అతని వేలికి తల ఆనించింది.

"గుండక్కా, మిగతా పంజరాలు కూడా తెరిచెయ్యి."

"నీ బేరం ఒక్క పిట్టకే గదా?"

"చిల్లర బేరం నాకు గిట్టుబాటు కాదు. టోకున ఇప్పించు."

గుండక్క పకపక నవ్వి గోడ పొడుగునా ఒక్క చరుపు చరిచింది. పంజరాలన్నీ పగిలిపోయాయి. ఆ క్షణమే కొండ లోపలి నుంచి ఇనుప గంటలు వాటంతటవే గణగణలాడాయి. కొలిమిలో మంట నల్లగా తిరిగింది. "వాడికి తెలిసిపోయింది!" అని అరిచి గుండక్క కొమ్మనను ఎత్తి భుజం మీద వేసుకొని గుహలోంచి ఒక్క దూకు దూకింది. మోడుల అడవి కాళ్ల కింద జారిపోయింది. బూడిద ఏరు ఒక బూడిద గీతలా మెరిసి వెనకబడింది. చుట్టూ గోరువంకల గుంపు, నల్లని గొడుగు విప్పినట్టు.

దూరాన కనుమ కనిపించింది. ఇంకా పట్టుచీరలు విప్పుతూనే ఉన్నారు కాబోలు, బేరపుబండ చుట్టూ రంగురంగుల కుప్ప. పందిరి నీడ బండ మీదికి వాలి ఉంది. సూర్యుడు పడమటి కొండకు చేతికందే దూరంలో ఉన్నాడు. ఆ కనుమలోంచే ఒక పొగ స్తంభం లేచి జడలు విరబోసుకుంటూ వాళ్లకు ఎదురొస్తోంది. దాని నడిబొడ్డున రెండు నిప్పుకళ్లు.

"గట్టిగా పట్టుకోండి!" అని గుండక్క గాజు చెయ్యి ముందుకు చాచింది.

కొమ్మన గోరువంకను గుండెకు హత్తుకున్నాడు. "చుక్కా, ఇక్కడ ఏ రాజ్యపు శాసనమూ లేదు. ఈ గాలి ఎవరిదీ కాదు. ఆ కనుమ రాకముందే ఒక్కసారి అన్నా అని పిలవవూ?"

పిట్ట అతని మొహంలోకి చూసింది. దాని కళ్లు తడిగా మెరిశాయి.

"పిలిస్తే ఏమిస్తావు?"

"లక్కగాజు ఇస్తా."

"వంకరదా?"

"వంకరదే."

"చాలదు సెట్టీ. ఇంకా పెంచు."

పొగ మీదికి వచ్చేసింది. నిప్పురవ్వలు గుండక్క జడకు అంటుకున్నాయి. కొమ్మన రవ్వలు చేత్తో ఆర్పుతూనే, గొంతు సవరించుకొని, ఏటా లాగే ఇంకో ధర చెప్పాడు.